రక్తమంటే భయమని దారి మార్చుకోకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బీఎస్సీ నర్సింగా, న్యూట్రిషనా తేల్చుకోలేక నువ్వు సరిగా అన్నం కూడా తినడం లేదట. పీలేరులో బైపీసీ చదివిన మన ఇంటి పిల్ల రెండు దారుల మధ్య నిలబడి ఆలోచిస్తోందంటే నాకు ఎంత గర్వంగా ఉందో! నా రోజుల్లో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) సీటు వస్తే చదువు, రాకపోతే పెళ్లి. అంతే. కానీ ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఒక మాట అంది, దానితో నాకు నిద్ర పట్టలేదు. "దానికి రక్తం చూస్తే భయమక్కా, అందుకే న్యూట్రిషన్ అంటోంది."

అదొక కారణమా తల్లీ? మొదటిసారి డ్రెస్సింగ్ గదిలో నేను కళ్లు తిరిగి పడిపోతే, కట్టు కట్టించుకోవడానికి వచ్చిన తాతే లేచి నాకు మంచినీళ్లు తాగించాడు. రెండు నెలలకు ఆ భయం ఎటు పోయిందో తెలియదు. నైట్ డ్యూటీ మాత్రం ముప్పై ఏళ్లయినా అలవాటు కాలేదు. భయపడాలంటే దానికి భయపడు.

కాలేజీల సంగతి క్లుప్తంగా చెబుతాను. నర్సింగ్ నాలుగేళ్లు, కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కళ్లారా చూసుకున్నాకే ఫీజు కట్టాలి. ఇక్కడ తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికి నర్సింగ్ కాలేజీ ఉంది, మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ ఉంది, రెండూ చూడు. న్యూట్రిషన్ మూడేళ్లే కదా అని మురిసిపోకు. పెద్దాసుపత్రిలో డైటీషియన్‌గా నిలబడాలంటే ఆపైన ఎమ్మెస్సీ, ఇంటర్న్‌షిప్, రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష కూడా ఉంటే మంచిది. డిగ్రీతో ఆగిపోతే ప్రొటీన్ పొడి డబ్బాలు అమ్మే కొట్లో కూర్చోబెడతారని నా భయం. ఆరేళ్ల ఖర్చు ఎంతవుతుందో మీ నాన్నకు ఇప్పుడే చెప్పు. వేరుశనగ పంట వానను నమ్ముకున్నది.

ఇక ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1996 మే నెల. ఏ ఆసుపత్రో నీకెందుకులే. రాత్రి పదకొండు దాటింది, ముప్పై మంచాలకు ఇద్దరమే నర్సులం. డయాలసిస్ మీదున్న ఒకాయన భార్య రెండు లేత బొండాలు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. "ఒకటే దాహం అంటున్నారమ్మా, కొబ్బరినీళ్లు ఇవ్వచ్చా?" నేను తల ఎత్తలేదు. టెంపరేచర్లు రాస్తూ, "ఇవ్వమ్మా, చలవ చేస్తుంది" అన్నాను. అంత తేలికగా అనేశాను. మనకు కొబ్బరినీళ్లు అంటే గుళ్లో తీర్థంతో సమానం కదా, అందులో చెడు ఉంటుందని తోచనే లేదు. ఒక గ్లాసులో దాదాపు అర గ్రాము పొటాషియం ఉంటుంది. పనిచేసే కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు, అది రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పిస్తుంది. ఇదంతా నేను చదువుకున్నదే!

తెల్లవారుజామున ఆయన కాళ్లు కదపలేకపోతున్నానన్నాడు. ఈసీజీ కాగితం మీద గీతలు గుడారాల్లా పైకి లేచాయి. 5 లోపు ఉండాల్సిన పొటాషియం 7 దాటింది. కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించి, ఇన్సులిన్‌తో గ్లూకోజ్ ఇచ్చి, మధ్యాహ్నం జరగాల్సిన డయాలసిస్ వెంటనే మొదలుపెట్టారు. బతికాడు. మంచం పక్కనే గోడకు డైట్ కాగితం అంటించి ఉంది, "పొటాషియం తగ్గించాలి" అని ఇంగ్లీషులో. ఆవిడకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు, నేను చూడలేదు.

మా వార్డుకు వచ్చే డైటీషియన్ అమ్మాయిని మేమంతా వెనక "పథ్యం టీచరు" అని నవ్వుకునేవాళ్లం. ఆ రోజు ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆయన భార్య పక్కన నేల మీద కూర్చుని, ఇంట్లో ఏం వండుతావమ్మా అని అడిగింది. సంకటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు అన్నీ చెప్పించుకుంది. కూరలు చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండమంది. "పారబోస్తే బలం పోదా?" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆ బలమే ఆయనకు పడటం లేదమ్మా" అంది ఆ అమ్మాయి. నలభై నిమిషాలు కూర్చుంది. నా సర్వీసులో ఏ ఒక్కరి దగ్గరా అంతసేపు కూర్చున్న గుర్తు లేదు. తీరిక లేక కొంత, కూర్చోవడం నా పని కాదనుకుని కొంత.

అందుకే న్యూట్రిషన్ తక్కువ చదువని నాతో అనకు. సులువైనదనీ అనకు. మొన్న సంక్రాంతికి అమ్మమ్మకు షుగర్ పెరిగితే మేమందరం అరిసెల డబ్బా దాచాం. నువ్వు మాత్రం మాత్ర ఎన్నింటికి వేసుకుంటోంది, రాత్రి ఎప్పుడు తింటోంది అని పక్కన కూర్చుని అడిగావు. మధ్యాహ్నం భోజనంలో అన్నం తగ్గించి ఒక్క అరిసె నువ్వే పెట్టావు. అప్పుడే నాకు ఆ అమ్మాయి గుర్తొచ్చింది. పల్స్ లెక్కపెట్టిన నా సెకన్ల ముల్లు వాచీ నీకోసం దాచిపెట్టాను, అది నా స్వార్థం. డైటీషియన్లూ వాచీ పెట్టుకోవచ్చు.

దరఖాస్తు నింపకముందే వచ్చే సోమవారం రా. ఉదయం రుయా ఆసుపత్రి ఓపీ దగ్గర ఒక పూట కూర్చుందాం. ఎవరి వైపు నీ కళ్లు పోతాయో నేను చూస్తాను. చూశాక కూడా నర్సింగే అంటే రాత్రి డ్యూటీకి ఏ చెప్పులు వేసుకోవాలో చెబుతాను. పీలేరులో బస్సు ఎక్కగానే ఫోన్ చెయ్యి, స్టాండ్‌లో నేనుంటాను. నా మోకాళ్ల సంగతి మీ అమ్మకు మాత్రం చెప్పకు.

మీ పెద్దమ్మ