స్టేజ్ 1 రీమ్యాప్ చేయించిన ఆక్టేవియా 1.8 టీఎస్ఐకి పెద్ద ఇంటర్‌కూలర్ వేయించాలా?

మీరు అడిగింది ఇదీ: స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐకి (టర్బో పెట్రోలు ఇంజిన్) స్టేజ్ 1 రీమ్యాప్ చేయించారు, అంటే పార్టులు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచారు. పొద్దున బాగా లాగుతున్న బండి మధ్యాహ్నం ఎండలో నాలుగు ఓవర్‌టేక్‌లు వరుసగా చేసేసరికి నీరసపడిపోతోంది. షెడ్డువాళ్లు పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంజిన్‌లోకి వెళ్లే ముందు చల్లబరిచేది) వేయించమంటున్నారు. వేయించాలా, వేయిస్తే ఎలాంటిది, బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

నాదీ అదే బండి, అదే రీమ్యాప్. ఉండేది విజయవాడ. మే నెలలో మా ఊరి ఎండ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇంటర్‌కూలర్ మార్చాక నా బండిలో తేడా స్పష్టంగా కనిపించింది, కాబట్టి వద్దని చెప్పను. కానీ మార్చక ముందు డేటా లాగ్ (నడుస్తున్న బండి సెన్సర్ల రీడింగుల రికార్డు) తీయకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దని గట్టిగా చెప్తాను. మధ్యాహ్నం పికప్ పడిపోవడానికి ఇంటర్‌కూలర్ ఒక్కటే కారణం కాదు.

ముందు వేడి ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. టర్బో ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపుతుంది, నొక్కితే ఆ గాలి వేడెక్కుతుంది. బయట 40 డిగ్రీలు, బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) 1 బార్, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్క వేస్తే, టర్బో నుంచి బయటికొచ్చే గాలి 138 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ పెరిగిన వేడిలో 70 శాతం తీసేయగల ఇంటర్‌కూలర్ ఉంటే ఇంజిన్‌లోకి వెళ్లేది సుమారు 70 డిగ్రీల గాలి. 85 శాతం తీసేయగలిగితే 55 డిగ్రీలు. ఈ రెంటి మధ్య గాలి సాంద్రతలో తేడా నాలుగున్నర శాతమే, దాన్ని చూసి పవర్ పెరిగిపోతుందని ఆశపడకండి. అసలు లాభం టైమింగ్‌లో ఉంది. గాలి వేడిగా ఉంటే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి అంటుకోవడం) మొదలవుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి లాగేస్తుంది, అంటే ప్లగ్గు నిప్పురవ్వని ఆలస్యం చేస్తుంది, మీకు తెలిసే నీరసం అదే. మంచి ఇంటర్‌కూలర్ కొత్త పవర్ ఇవ్వదు. పొద్దున ఉన్న పవర్‌ని మధ్యాహ్నం కూడా నిలబెడుతుంది.

మన బండిలో ఇంకో చిక్కుంది. ఎమ్‌క్యూబీ ప్లాట్‌ఫామ్ (ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు చాలా బండ్లకి వాడే ఉమ్మడి నిర్మాణం) మీద వచ్చిన 1.8, 2.0 టీఎస్ఐలలో ఇంటర్‌కూలర్ ముందున్న ఏసీ కండెన్సర్‌కీ వెనకున్న రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. అంటే ఏసీ వేసినప్పుడు దానికి తగిలేది 40 డిగ్రీల గాలి కాదు, కండెన్సర్ వేడి చేసి వదిలిన గాలి. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో నిలబడితే ఆ కోర్ (గాలి దూరే జాలీ భాగం) మొత్తం వేడెక్కి కూర్చుంటుంది, పచ్చ లైటు పడగానే యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ ఉండదు. ఒక మాట పక్కన చెప్తాను. 1.4 టీఎస్ఐ, 1.0 టీఎస్ఐ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఉంటుంది, నీటితో చల్లబడుతుంది. ఈ జవాబు మీకు వర్తించదు.

లాగ్ తీయడానికి బండి కంప్యూటర్‌ని చదివే టూల్, వీసీడీఎస్ గానీ ఓబీడీఎలెవెన్ గానీ చాలు. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఈసీయూ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్, ఒక్కో సిలిండర్‌లో టైమింగ్ ఎంత వెనక్కి పోయిందో, ఇవన్నీ కలిపి రికార్డు చేయండి. ఖాళీ రోడ్డు మీద, పక్కన ఒకరిని లాప్‌టాప్‌తోనో ఫోన్‌తోనో కూర్చోబెట్టుకుని, మూడో గేర్లో కొన్ని సార్లు వరుసగా లాగితే అసలు సంగతి తేలుతుంది. ఉష్ణోగ్రత ప్రతిసారీ ఎగబాకుతూ, దానితోపాటే టైమింగ్ పడిపోతుంటే మీ అనుమానం నిజమే, ఇంటర్‌కూలర్ చాలడం లేదు. ఉష్ణోగ్రత మామూలుగానే ఉండి టైమింగ్ మాత్రమే పడిపోతుంటే పెట్రోలు, స్పార్క్ ప్లగ్గులు, వాల్వుల మీద పేరుకున్న కార్బన్ చూడాలి. స్టేజ్ 1 ఫైల్‌ని (రీమ్యాప్ సాఫ్ట్‌వేర్) ఏ ఆక్టేన్‌కి (పెట్రోలు నాకింగ్‌ని తట్టుకునే శక్తి) రాయించుకున్నారో అంతకన్నా తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయిస్తుంటే మొదటి దోషి అదే. అడిగిన బూస్ట్ రాకపోతే ఎక్కడో లీకు ఉంది.

లాగ్ వేడినే చూపించినా సరే, ముందు బంపర్ వెనకకి టార్చిలైటు వేసి చూడండి. ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని వదిలేస్తారు. గ్రిల్ నుంచి వచ్చే గాలి పక్కలకి జారిపోకుండా కోర్ మీదకే వెళ్లేలా రెండు వైపులా ప్లాస్టిక్ గైడ్లు ఉంటాయి. ముందు చిన్న దెబ్బ తగిలి బంపర్ విప్పి బిగించిన బండ్లలో ఇవి విరిగిపోయో, తిరిగి పెట్టకుండా వదిలేసో ఉంటాయి. పెట్టకపోయినా బయటికి ఏమీ తెలియదు, బండి నడుస్తుంది, ఎవరూ అడగరు. కానీ గాలి ఎప్పుడూ సులువైన దారి చూసుకుంటుంది, కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ అనే దట్టమైన మూడు కోర్‌లలోంచి దూరడం కన్నా పక్క సందులోంచి పోవడమే దానికి సులువు. నేను కొన్నప్పుడు నా సెకండ్ హ్యాండ్ బండిలో ఎడమవైపు గైడ్ అసలు లేదు. అది తెప్పించి పెట్టించి, కండెన్సర్ ఫిన్లలో (పల్చటి రేకుల్లో) పేరుకున్న దుమ్మూ పురుగులూ తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగిస్తేనే ఉష్ణోగ్రతలో మార్పు కనిపించింది. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, ఫిన్లు పడుకుంటాయి.

ఇవన్నీ సరిచేశాక కూడా వేడి తగ్గకపోతే అప్పుడు కొనండి. కోర్‌లు రెండు రకాలు. ట్యూబ్ అండ్ ఫిన్ తేలిక, గాలిని వెనక్కి బాగా వదులుతుంది, వేడెక్కినా బండి కదలగానే త్వరగా చల్లబడుతుంది. బార్ అండ్ ప్లేట్ బరువు, గట్టిది, ఎక్కువ వేడిని మింగగలదు కాబట్టి వరుసగా లాగినా నెమ్మదిగా వేడెక్కుతుంది, కానీ ఒకసారి పూర్తిగా వేడెక్కిందంటే చల్లబడటానికి అంతే సమయం తీసుకుంటుంది. శ్రీశైలం ఘాట్‌లాంటి చోట తక్కువ స్పీడులో ఎక్కువ బూస్ట్‌తో ఎక్కేవాళ్లకి బార్ అండ్ ప్లేట్ పనికొస్తుంది. రోజూ ఊళ్లో ట్రాఫిక్, వారాంతంలో హైవే అయితే నా ఓటు ట్యూబ్ అండ్ ఫిన్‌కే, లేదా మరీ మందం లేని బార్ అండ్ ప్లేట్‌కి.

ఎంత మందంగా ఉంటే అంత మంచిదని షెడ్డులో చెప్తారు. మన ఎండలకి అది సరైన సలహా కాదు. మధ్యలో ఉన్న కోర్ మందం పెరిగితే వెనకున్న రేడియేటర్‌కి గాలి తగ్గుతుంది, కూలెంట్ వేడి పెరుగుతుంది, ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం కూడా తగ్గొచ్చు. స్టేజ్ 1 దగ్గరే ఆగేవాళ్లకి కంపెనీ ఇంటర్‌కూలర్ స్థానంలోనే నేరుగా కూర్చునే మధ్యస్థ సైజు చాలు. దాంతోపాటు ప్రెషర్ డ్రాప్ (కోర్‌లోంచి వెళ్లేటప్పుడు గాలి కోల్పోయే ఒత్తిడి) ఎంతో అడగండి. 0.1 బార్ లోపు ఉంటే మంచిది. బూస్ట్ సెన్సర్ ఇంటర్‌కూలర్ తర్వాత ఉంటుంది కాబట్టి, లోపల ప్రెషర్ పోతే ఈసీయూ ఆ లోటు పూడ్చడానికి టర్బోని ఇంకా తిప్పుతుంది, ఇంకా వేడి పుడుతుంది. వాగ్నర్ ట్యూనింగ్, డో88, ఏపీఆర్, ఫోర్జ్ లాంటి కంపెనీలు ఎమ్‌క్యూబీకి చేస్తాయి. ఏ బ్రాండైనా అమ్మేవాడి దగ్గర సీరియల్ నంబరు, బిల్లు చూసి తీసుకోండి. ఎండ్ ట్యాంక్ (కోర్ చివర్లలో పైపులు కలిసే డబ్బా) వెల్డింగ్ గరుకుగా, లోపల ముద్దలుగా ఉంటే తిప్పి పంపేయండి.

బిగించడం కష్టం కాదు, ఓపిక పని. ఒక పూర్తి రోజు పెట్టుకోండి. బంపర్ ఊడదీసి, బానెట్ లాక్ ఉండే ముందు ఫ్రేమ్‌ని పొడవాటి గైడ్ బోల్టుల మీద ముందుకి జరపాలి. మీ మెకానిక్‌కి ఈ పద్ధతి తెలుసో లేదో ముందే అడగండి. తెలియనివాళ్లు "ఏసీ గ్యాస్ తీసేయాలి, కూలెంట్ వదిలేయాలి" అంటారు. రెండూ అక్కర్లేదు. కండెన్సర్ బోల్టులు విప్పి, పైపుల మీద బరువు పడకుండా కేబుల్ టైలతో కట్టి ముందుకి జరిపితే చాలు. పని జరిగినంతసేపూ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ అట్టముక్క అడ్డం పెట్టించండి, చేతిలోంచి జారిన ఒక్క స్క్రూడ్రైవర్ చాలు కోర్‌కి చిల్లు పెట్టడానికి.

పాతది తీసినప్పుడు పైపుల్లో పల్చగా నూనె తడి కనిపిస్తే టెన్షన్ పడకండి, అది క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగుభాగం) నుంచి వచ్చే నూనె ఆవిరి వల్ల వచ్చేదే. గరిటెడు నూనె కారితే మాత్రం టర్బో సీలు చూపించాలి. కొత్తదాన్ని పెట్టెలోంచి తీసినట్టే బిగించనివ్వకండి. తయారీలో మిగిలిన అల్యూమినియం రజను లోపల ఉండొచ్చు. ఇంటర్‌కూలర్ తర్వాత ఏ ఫిల్టరూ లేదు, ఆ రజను నేరుగా సిలిండర్లలోకే పోతుంది. గాలి కొట్టించి, సాల్వెంట్‌తో కడిగించి, పూర్తిగా ఆరాకే బిగించండి. పైపుల ఓ-రింగులు కొత్తవి వేయండి, క్లిప్పు పడ్డ శబ్దం విన్నాక ఒకసారి వెనక్కి లాగి చూడండి. సిలికాన్ హోస్‌లు ఉంటే లోపలి నూనె తుడిచి టీ-బోల్ట్ క్లాంపులు వాడండి, మామూలు స్క్రూ క్లాంపు బూస్ట్‌కి జారిపోతుంది. బంపర్ వేయకముందే స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీకు చూడటం) చేయించండి, లీకు ఉంటే మళ్లీ అంతా విప్పే పని తప్పుతుంది.

నా బండిలో మే మధ్యాహ్నం వరుసగా లాగితే ఇంతకుముందు 70 దాటిన ఉష్ణోగ్రత ఇప్పుడు 55 దగ్గర ఆగుతోంది, టైమింగ్ నిలబడుతోంది. సిగ్నల్లో ఆగితే మాత్రం ఇప్పటికీ వేడెక్కుతుంది. ఆ స్థానంలో ఏ కోర్ పెట్టినా అది తప్పదు, కదిలాక త్వరగా దిగుతుంది, అంతే.

మీ గేర్‌బాక్స్ గురించి కూడా చెప్పాలి. మన 1.8కి ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్), డీక్యూ200. దాని టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పరిమితి 250 న్యూటన్ మీటర్లు, కంపెనీ ఈ ఇంజిన్‌ని అక్కడే ఆపింది కూడా. రీమ్యాప్‌తో మీరు ఇప్పటికే ఆ గీత దాటారు. ఇంటర్‌కూలర్ వేశాక బండి మధ్యాహ్నం కూడా పూర్తి టార్క్ ఇస్తుంది, అంటే క్లచ్ మీద భారం కూడా రోజంతా ఉంటుంది. ఇంటర్‌కూలర్ పెట్టాం కదా అని ఫైల్‌లో టార్క్ ఇంకా పెంచమని ట్యూనర్‌ని అడగొద్దు. ఇన్సూరెన్స్ కంపెనీకి రీమ్యాప్, ఇంటర్‌కూలర్ రెండూ రాతపూర్వకంగా తెలియజేయండి. బిగించిన మొదటి వారం ఏసీ వేసి ట్రాఫిక్‌లో నడుపుతూ కూలెంట్ ఉష్ణోగ్రత లాగ్ చేయండి. పాత లాగ్ కన్నా ఎక్కువగా ఉంటే గైడ్లు సరిగా కూర్చున్నాయో లేదో మళ్లీ చూపించండి.