సాలగ్రామంలో చక్రం ఎక్కడిది? (మీరడిగారు, మేం చెప్తాం)

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరండి. మా మావగారు ఎప్పుడో నేపాల్ హిమాలయాల్లోని ముక్తినాథ్ యాత్రకెళ్ళి తెచ్చిన సాలగ్రామం మా పూజగదిలో ఉంది, నల్లరాయి, రెండు ముక్కలుగా విడదీస్తే లోపల చక్రం కనిపిస్తుంది. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి ఇది సముద్రంలో బతికిన జీవి, రాయైపోయింది అన్నాడు. మా అత్తగారికి కోపం వచ్చేసింది, "దేవుడ్ని పట్టుకుని నత్త అంటావేటిరా" అని. ఎవరి మాట నిజం? జీవే అయితే ఇప్పుడెందుకు లేదు?
- ఒక గృహిణి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, అది నత్త కాదు. మీ అబ్బాయి చెప్పింది నిజమే, దాని పేరు అమ్మోనైట్, నత్త కంటే స్క్విడ్‌కీ ఆక్టోపస్‌కీ దగ్గర చుట్టం. నత్త గుల్ల లోపల ఒకటే గొట్టం, దీనికేమో అడ్డగోడలు కట్టి గదులు గదులుగా ఉండేది, జీవి చివరి పెద్దగదిలో కాపురం, వెనక గదుల్లో గ్యాసు నింపుకుని నీళ్ళలో తేలేది. మీ చక్రానికి ఆకుల్లా కనిపించే గీతలున్నాయి చూశారా, అవి ఆ గుల్ల మీదుండే మడతల అచ్చు. ఇంకో మాట కూడా చెప్పండి పెద్దావిడకి, అమ్మోనైట్ అన్న పేరు కూడా దేవుడి పేరే, పొట్టేలు కొమ్ములున్న అమ్మోన్ అని ఈజిప్టు దేవుడు, ఈ చుట్ట ఆ కొమ్ములా ఉందని పూర్వం రోమన్లు అలా పిలిచారు. మన దగ్గర విష్ణుచక్రం, అక్కడ అమ్మోన్ కొమ్ము. చూసినవాళ్ళందరికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనే అనిపించింది మరి.

సముద్ర జీవి హిమాలయాల్లోకి ఎలా వచ్చిందంటే, అది రాలేదు, సముద్రపు అడుగే పైకి లేచింది. ఇండియాకీ ఆసియాకీ మధ్య టెథిస్ అని సముద్రం ఉండేది, సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట ఇవి చచ్చి దాని అడుగున బురదలో పడ్డాయి, తర్వాత మన భూఖండం ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాని గుద్దేసరికి ఆ బురదంతా రాయై కొండలెక్కింది, ఇప్పుడు గండకీ నది ఆ నల్లరాయిని కోసుకుంటూ వీటిని దొర్లించుకొస్తోంది.

ఇక ఎందుకు లేదంటే... నాకు ఇది చెప్పాలంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. వీటి వంశం ముప్పై కోట్ల ఏళ్ళకి పైగా బతికింది. 25.2 కోట్ల ఏళ్ళ కిందట సైబీరియాలో లావా పొంగి, గాలి పాడై, సముద్రం వేడెక్కి, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి, సముద్ర జాతుల్లో నూటికి 80కి పైగా పోయాయి, ట్రైలోబైట్లనే గట్టి పెంకుండే సముద్ర జీవులు అప్పుడే పూర్తిగా అంతరించాయి, కానీ అమ్మోనైట్ల వంశంలో ఏవో కొన్ని మిగిలి మళ్ళీ సముద్రమంతా పాకాయి. 20.1 కోట్ల ఏళ్ళ కిందట ఇంకో దెబ్బ, మళ్ళీ దాదాపు తుడిచిపెట్టుకుపోయి మళ్ళీ లేచాయి! అలాంటివి 6.6 కోట్ల ఏళ్ళ కిందట మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర ఉల్క పడ్డాక మాత్రం లేవలేదు. ఆ గొయ్యి అడ్డంగా సుమారు 180 కిలోమీటర్లుంటుంది. అక్కడి రాయిలో జిప్సం ఎక్కువ, అందులో గంధకం ఉంటుంది, అది ఆవిరై పైకెళ్ళి ఎండని ఆపేసింది, ఆమ్లమై సముద్రంలో కురిసింది. ఎండ లేకపోతే పైనీళ్ళలో తేలే సూక్ష్మజీవులు చస్తాయి, సరిగ్గా ఆ పైనీళ్ళలోనే అమ్మోనైట్ పిల్లలుండేవి, ఒక్కోటి మిల్లీమీటరంత, ఆవగింజ కంటే చిన్నవి. దీని చుట్టం నాటిలస్ ఇప్పటికీ బతికే ఉంది చూడండి, అది పెట్టేది కొద్ది గుడ్లే, అవి పిల్లలవడానికి ఏడాది దాకా పడుతుంది, కానీ పిల్ల అంగుళం సైజులో పుడుతుంది, లోతులో ఉండి చచ్చినవాటిని తిని కూడా గడిపేస్తుంది. తేడా అంతా అక్కడే వచ్చిందని చాలామంది సైంటిస్టుల ఆలోచన, నాకూ అదే సబబనిపిస్తుంది.

అన్నట్టు, ఆ రాయిని యాసిడ్‌తో కడగడం, సానపట్టడం చెయ్యొద్దు, గీతలు పోతాయి. పూజ మానక్కర్లేదు.

ప్రశ్న: మా పిల్లల్ని తీసుకుని సాలూరు వైపు కొండల్లో వెతికితే ఇలాంటివి దొరుకుతాయా?
- ఒక టీచరు, విజయనగరం జిల్లా

జవాబు: దొరకవు మాస్టారూ. మన తూర్పుకనుమల రాయి ఖొండలైటు, ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. తమాషా ఏంటంటే అది కూడా ఒకప్పటి బురదే, కానీ భూమి లోపలికి కూరుకుపోయి ఉడికి రూపం మారిపోయింది, పైగా ఆ బురద పేరుకున్నది వంద కోట్ల ఏళ్ళకి ముందు, గుల్లలున్న జీవులు పుట్టిందేమో సుమారు 54 కోట్ల ఏళ్ళ కిందట, ఇంకెక్కడ దొరుకుతాయి? పిల్లల్ని కళింగపట్నం బీచ్‌కి తీసుకెళ్ళి ఇసుకలో ఎర్రటి చారలు చూపించండి, అవి గార్నెట్ అనే ఎర్రరాయి రవ్వలు, ఖొండలైటు అరిగి నదుల్లో కొట్టుకొచ్చినవే. అమ్మోనైట్లే కావాలంటే తమిళనాడులో అరియలూరు వెళ్ళాలి. అంత దూరం వద్దంటే రాజమండ్రి దగ్గర కాటేరు, గోదావరి అవతల పంగిడి, అక్కడ దక్కను లావా పొరల మధ్య సున్నపురాయిలో గుల్లలున్నాయి, మామూలు ఆలిచిప్పల్లాంటివి, కానీ అమ్మోనైట్లు అంతరించిన ఆ మహావినాశనం కాలానికి అటూ ఇటూగా పేరుకున్న రాళ్ళవి. క్వారీల్లోకి మాత్రం పర్మిషన్ లేకుండా పిల్లల్ని దింపొద్దు.

ప్రశ్న: ఆ ఉల్క దెబ్బ తప్పించుకున్న జీవులు మన తీరంలో ఏమైనా ఉన్నాయా?
- డిగ్రీ విద్యార్థిని, సోంపేట

జవాబు: ఉన్నాయమ్మా, మీ బారువ ఒడ్డుకే వస్తాయి. సముద్ర తాబేళ్ళ వంశం డైనోసార్ల కాలం నాటిది, అమ్మోనైట్లు పోయినప్పుడు ఇవి దాటేశాయి. చలికాలం చివర్లో రాత్రిపూట ఆలివ్ రిడ్లేలు ఇసుక తవ్వి గుడ్లు పెట్టి పోతుంటాయి, చూడ్డానికెళ్తే టార్చి వెయ్యకండి, దూరంగా కూర్చోండి.