ఆర్‌ఎక్స్‌100: ఫుల్ రేస్‌లో పికప్ పోతే ముందు జెట్ కాదు, కార్బ్యురేటర్ చూడండి

సగం రేస్ (యాక్సిలరేటర్) దాకా యమహా ఆర్‌ఎక్స్‌100 బండి బాగా లాగుతోంది, పూర్తిగా తిప్పితే పికప్ చచ్చిపోతోంది, ప్లగ్ తెల్లగా ఉంది, మెకానిక్ పెద్ద జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క) వేద్దామంటున్నాడు అని మీరు రాశారు. గాలి, పెట్రోలు కలిపే కార్బ్యురేటర్ మాత్రం 'ఒరిజినల్' అని చెప్పి అమ్మినది. ఆ మాట నమ్మకండి. మా నాన్నగారి ఆర్‌ఎక్స్‌100 కోసం విజయవాడ ఆటోనగర్‌లో తిరిగినప్పుడు "సేమ్ టు సేమ్ సార్" అని చేతిలో పెట్టిన వాటిలో స్లైడ్ (రేస్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) కూడా ఒకే రకం లేదు.

ఈ బండికి కంపెనీ ఇచ్చిన కార్బ్యురేటర్ మికుని వీఎం20. 20 అంటే లోపలి బోరు, మిల్లీమీటర్లలో. స్లైడ్ పైకెత్తి, అది ఆడే సన్నటి చోట వెర్నియర్‌తో కొలవండి. చివరలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. స్లైడ్ కింద ఏటవాలుగా కోసిన భాగం ఎంత పెద్దదైతే మిశ్రమంలో పెట్రోలు అంత తగ్గుతుంది. అంటే స్లైడ్ వేరే బండిదైతే పావు రేస్ దగ్గర వచ్చే తేడాను మెయిన్ జెట్ (మీ మెకానిక్ మార్చుదామంటున్నది) సరిచేయలేదు.

ఇక జెట్. టార్చ్ వెలుగులో భూతద్దం పెట్టి రంధ్రం చూడండి. మేం కొన్నదాన్ని ఎవరో తీగతో గుచ్చి శుభ్రం చేశారు. ఇత్తడి మెత్తన కదా, రంధ్రం కోలగా సాగిపోయింది. పైన నంబరు ఏదున్నా దానికి అర్థం లేదు. నంబర్లలో ఇంకో తిరకాసు ఉంది. మికుని హెక్స్ జెట్ మీది అంకె పెట్రోలు ప్రవాహాన్ని బట్టి, కీహిన్ అనే ఇంకో కంపెనీది రంధ్రం వ్యాసాన్ని బట్టి. అంకె ఒకటేనని ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు.

మీరు చెప్పిన లక్షణం ఫుల్ రేస్‌లో, మెయిన్ జెట్ ముఖ్యంగా పనిచేసేది అక్కడే కాబట్టి దాని మీద అనుమానం సబబే. కానీ ప్లగ్ తెల్లబడటానికి (పెట్రోలు తక్కువైందనడానికి అది గుర్తు) గాలి లీకు కూడా కారణం కావచ్చు. ఐడిల్‌లో ఉంచి మానిఫోల్డ్ (కార్బ్యురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే గొట్టం) అతుకుల దగ్గర కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి (ఇంజిన్ వేడి మీద వద్దు, అంటుకుంటుంది). శబ్దం మారితే లీకు అక్కడే. అక్కడ లేకపోతే మాగ్నెటో (కరెంటు పుట్టించే భాగం) వైపు ఆయిల్ సీల్ మెకానిక్‌కు చూపించండి. ట్యాంకు మూత గాలి రంధ్రం, పెట్రోలు కుళాయి జాలీ కూడా చూడండి. కాసేపు లాగి తర్వాత ఆగిపోతుంటే తప్పు వాటిదే కావచ్చు.

అవన్నీ బాగుంటే రెండు సైజులు పెద్ద జెట్‌తో మొదలుపెట్టి కిందికి దిగండి. టూ స్ట్రోక్‌లో పెట్రోలు ఎక్కువైతే పొగ, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. కొత్త ప్లగ్ వేసి, ఖాళీ రోడ్డు మీద ఫుల్ రేస్‌లో లాగి, క్లచ్ పట్టి వెంటనే కీ ఆపేయండి. ప్లగ్ విప్పి పింగాణీ మొదలు చూడండి. లేత గోధుమ రంగుంటే సరిపోయినట్టే.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, అంటే అదే గాలికి పెట్రోలు కొంచెం ఎక్కువ కావాలి, కాబట్టి పాత పుస్తకంలోని జెట్ అంకెకు ఒక మెట్టు పైన పడితే ఆశ్చర్యపోకండి. ఇంతకీ సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా కంపెనీవేనా? మార్చి ఉంటే ఆ సంగతి కూడా రాయండి, జెట్ లెక్క దాంతో మారిపోతుంది.