చలికి తేనె పెట్టె తెరవొద్దు, తట్టి చూడండి

ప్రశ్న: మాది చింతపల్లి మండలం. కాఫీ తోటలో 8 పెట్టెల్లో పుట్టతేనె ఈగలు పెంచుతున్నాను. చలి ముదిరాక పొద్దున పది దాటితేగానీ ఈగలు బయటికి రావడం లేదు. పెట్టెల ముందు రోజూ పదీ పదిహేను చచ్చి పడి ఉంటున్నాయి. రెండు రోజులకోసారి చట్రాలు తీసి చూస్తున్నాను. రాత్రిళ్లు ప్లాస్టిక్ పట్టా చుడుతున్నాను. ఇంకేం చేయాలి?
– ఒక రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ముందు ఆ చట్రాలు తీయడం ఆపండి. చలికి ఈగలన్నీ ముద్దకట్టి, రెక్కల కండరాలు అదిలిస్తూ వేడి పుట్టిస్తాయి. పిల్ల ఉన్నచోట 33–35 డిగ్రీల వెచ్చదనం నిలుపుతాయి. మీరు చట్రం ఎత్తిన ప్రతిసారీ ఆ వేడి పోతుంది. మళ్లీ పుట్టించాలంటే దాచుకున్న తేనె తినాలి. పైగా పుట్టతేనె ఈగకు ఓర్పు తక్కువ, పదేపదే కదిపితే గూడు వదిలి లేచిపోతుంది.

పొద్దెక్కాక బయటికి రావడం, ముందు పదిహేను ఈగలు చచ్చి పడటం మీ ప్రాంతపు చలికి మామూలే. వయసు తీరినవి ఎప్పుడూ చస్తుంటాయి. ఎండ రోజుల్లో తోటి ఈగలు శవాలను దూరంగా మోసుకెళ్లి పడేస్తాయి. ఈ చలిలో గుమ్మం దగ్గరే వదిలేస్తాయి, అందుకే మీ కంట పడుతున్నాయి. లేత పిల్లపురుగులు కూడా బయట పడి ఉంటే మాత్రం ఆకలో, తెగులో ఉన్నట్టు.

పెట్టె పక్కకి చెవి ఆనించి వేలి కణుపుతో ఒక్కసారి తట్టండి. జుమ్మని లేచి వెంటనే అణిగితే లోపల క్షేమమే. అణగకుండా మూలుగులా సాగితే రాణి లేదేమోనని అనుమానించాలి. తర్వాత పెట్టెను వెనక వైపు నుంచి కాస్త ఎత్తి బరువు చూడండి. ఎనిమిదీ ఎత్తితే ఏది తేలికో మీ చేతికే తెలుస్తుంది.

వలిసె పూత తేనె ఎంత తీశారో మీరు రాయలేదు. అంతా పిండేసి ఉంటే మీ ఈగలకు చలికన్నా ఆకలే పెద్ద ముప్పు. తేలిక పెట్టెలకు కిలో పంచదారకు అర లీటరు వేడినీళ్ల లెక్కన పాకం కలిపి, గోరువెచ్చగా అయ్యాక, పెట్టెకు వారానికి 200 గ్రాముల పంచదార అందేలా పెట్టండి. ఈగలు మునగకుండా గిన్నెలో గడ్డిపరకలు వేయండి. ఎండ పూర్తిగా దిగకముందే పై మూత మాత్రం ఎత్తి గిన్నె లోపల పెట్టాలి. బయట చుక్క ఒలికినా పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. బెల్లం వద్దు, వాటికి విరేచనాలవుతాయి.

ప్లాస్టిక్ పట్టా తీసేయండి. ఈగల ఊపిరి చెమ్మ మూత కింద నీటిబొట్లై ముద్ద మీద కారుతుంది. చలికన్నా తడే వాటిని ఎక్కువ చంపుతుంది. చట్రాలపైన పొడి గోనెపట్టా పరిచి మూత వేయండి. ద్వారం రెండు వేళ్ల వెడల్పుకు తగ్గించండి, పూర్తిగా మూయొద్దు.

మూలుగు వినిపించిన పెట్టె ఉంటే, ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం ఒక్కసారి తెరిచి గుడ్లున్నాయో లేదో చూడండి. గుడ్లు, రాణి రెండూ లేకపోతే, తెగులు లేదని చూసుకుని, దాన్ని రాణి ఉన్న పెట్టెపైకి ఎక్కించండి. మధ్యలో సూదితో పొడిచిన న్యూస్‌పేపర్ పరవండి. కొద్ది రోజుల్లో ఈగలు దాన్ని కొరికి ముక్కలు గుమ్మం ముందు పడేస్తాయి. అంటే రెండూ కలిసిపోయినట్టే.