తుఫాను కొట్టిన ఏడు కిస్తీ ఎట్ల కడతరు?

చి. సౌజన్యకు,

హన్మకొండ నుంచి పెద్దబాపు దీవెనలు. ఫిజీ అభివృద్ధి బ్యాంకుల లోన్ల డెస్కు నీకు ఇచ్చిన్రని విని మస్తు సంతోషమైంది బిడ్డా. అక్కడ వాతావరణ మార్పు అన్న మాట ప్రతి ఫైలుల ఉంటది. నువ్వు ఫైలు తెరువంగనే అడగవలసింది ఒక్కటే: తుఫాను కొట్టిన ఏడు ఈయన కిస్తీ ఎట్ల కడతడు?

ముందుగల తారీఖులు చూడు. దక్షిణ పసిఫిక్‌ల తుఫాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాక. ఫిజీకి విన్‌స్టన్ తుఫాను వచ్చింది 2016 ఫిబ్రవరి 20న, 44 మంది పోయిన్రు. చెరుకు క్రషింగ్ జూన్ దిక్కు మొదలై ఏడాది చివరకు అయిపోతది. మన దగ్గర మిర్చి ఇంకా చేన్ల ఉండంగనే, ఎనుమాముల యార్డుకు రాకముందే కిస్తీ కట్టుమంటే రైతు వడ్డీ వ్యాపారి ఇంటికి పోతడు. అక్కడ ఫిబ్రవరిల కిస్తీ పెట్టినా గంతే. చెరుకు పైసలు చేతికొచ్చే నెలల మీద పెద్ద కిస్తీ పెట్టు, తుఫాన్ల నెలలల్ల వడ్డీ మట్టుకే తీసుకో.

లెక్క మూడుసార్లు వెయ్యి: మామూలు ఏడు, తుఫాను ఏడు, దాని తర్వాతి ఏడు. మూడోదాన్ని చాలామంది ఇడిచిపెడతరు. కొబ్బరిచెట్టు పడితే కొత్త మొక్క కాపుకు రావడానికి ఐదారేండ్లు పడుతది, మరి ఆ ఏండ్లు ఎవరి లెక్కల రావాలె? ఆదాయం 100, ఖర్చు 60, కిస్తీ 30 అనుకో. 40 మిగిలితే 30 కడతడు, మిగులును కిస్తీతో భాగిస్తే 1.33, ఫైలు పాసైతది. ఆదాయం పదో వంతు తగ్గితే మిగిలేది 30, అంతా కిస్తీకే. సగం తగ్గితే ఖర్చుకే చాలదు. గడువు పెంచి కిస్తీ 20 దాటకుండ చూడు. మొత్తం మీద వడ్డీ ఎక్కువ పడుతదన్నది దాచకుండ చెప్పు.

తనిఖీకి పోయినప్పుడు ఇంటి ముందట ఫోటో తీసుకొని వాపస్ రాకు. లోపలికి పోయి టార్చి పట్టి పైకి చూడు. దూలం గోడను కలిసే కాడ ఇనుప పట్టీ ఉన్నదా, ఉప్పుగాలికి తుప్పు పట్టిందా? రేకులకు మేకులు కొట్టిన్రా, స్క్రూలు బిగించిన్రా? గాలి రేకును అంచుల కాడనే లేపుతది కాబట్టి అక్కడ, కొప్పు కాడ స్క్రూలు దగ్గరదగ్గరగ ఉండాలె. లేకుంటే ఆ ఖర్చు లోన్‌లనే కలుపు, అవి బిగించినంకనే రెండో విడత ఇయ్యి.

ఇన్సూరెన్సు ఉన్నది కదా అంటరు. అది ఏ కొలత దాటితే పైసలిస్తదో చదువు. జమైకాకు 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు ఉండె, అంటే తుఫాను రాసుకున్న కొలత దాటితే పైసలిచ్చే బీమా లాంటిది. 2024ల బెరిల్ తుఫాను దెబ్బ తీసినా, గాలి పీడనం బాండుల రాసినంత తక్కువకు పడలేదని దాని కింద ఒక్క డాలరు రాలే. 2025ల మెలిస్సాకు మొత్తం వచ్చింది. మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 2023 జూలైల 24 గంటల్ల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. వాన కొలిచే యంత్రం ఇంకో మండలంల ఉంటే, కాగితం మీద ఆ వాన పడనట్టే! అందుకే నీ లెక్కల ఇన్సూరెన్సు కాడ సున్నా పెట్టు.

నమ్ముకోవాల్సింది తుఫాను వస్తే కిస్తీలు కొన్నాళ్లు ఆపే షరతును, అది ఒప్పందంల ముందే రాసుకోవాలె. కరీబియన్ ద్వీప దేశం గ్రెనడా 2004ల ఐవన్ తుఫానుకు తన ఏడాది జాతీయోత్పత్తికి రెండింతలకు మించి పోగొట్టుకున్నది. 2015ల అప్పులు తిరగరాసుకున్నప్పుడు ఇసొంటి తుఫాను నిబంధననే పెట్టించుకున్నది, బెరిల్ వచ్చినంక దాన్ని వాడుకున్నది. నీ చిన్న లోన్లల్ల సుత రాయి: ఎవరు ప్రకటిస్తే అమలైతది, ఎన్ని నెలలు, ఆగిన వడ్డీ అసలుల కలుస్తదా. దరఖాస్తు లేకుండ దానంతట అదే అమలయ్యేటట్టు పెట్టు. కరెంటు, ఫోన్లు లేని వారంల ఎవరు దరఖాస్తు రాస్తరు? ఇది మాఫీ కాదని సంతకానికి ముందే వాళ్ల భాషల, అక్కడి మూలవాసుల ఐతౌకెయి అయినా ఫిజీ హిందీ అయినా, చెప్పు.

సముద్రపు గోడకు లోన్ అడిగితే ఒప్పుకోకు. గోడ మీద రాబడి రాదు, దానికి గ్రాంటే కావాలె. మీ బ్యాంకుకు 2017లనే వాతావరణ మార్పు పనులకు పైసలిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ గుర్తింపు వచ్చింది, ఆ దారిల అడుగు. బయట నుంచి డాలర్ల అప్పు తెస్తే మాత్రం మారకపు నష్టం ఊరోళ్ల మీద పడకుండ చూడు.

మొదటి ఐదు ఫైళ్ల లెక్కలు పేర్లు తీసేసి నాకు పంపు, గుర్తులు పెట్టి తిప్పి పంపుత.

మీ పెద్దబాపు