94 దగ్గరే ఆగిపోతున్న లైనక్స్ నెట్ వేగం

సందేహం: మాది 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. ఫోన్‌లో వైఫై మీద 250 దాకా వస్తోంది కానీ, కేబుల్‌తో కలిపిన ఉబుంటు డెస్క్‌టాప్‌లో 94 దాటడం లేదు. నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు చూపే, మార్చే ఈథ్‌టూల్ కమాండ్‌తో వేగాన్ని 1000కి మార్చగానే కనెక్షనే పోయింది. నెట్‌వర్క్ కార్డు పాడైనట్టేనా?

సమాధానం: కార్డును అప్పుడే అనుమానించకండి. 100 ఎంబీపీఎస్ లింకులో డేటాతో పాటు వెళ్లే చిరునామా సమాచారం (హెడర్లు) వంటివి పోగా మనకు దక్కేది దాదాపు 94 కాబట్టి, మీ కార్డు, రౌటర్ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) కుదరక 100కి ఒప్పందపడ్డాయని అర్థం.

టెర్మినల్‌లో సుడో ఈథ్‌టూల్ అని రాసి, పక్కన లైనక్స్‌లో ఆ కార్డుకు ఉన్న పేరు ఇవ్వండి. మీ కార్డు ఏయే వేగాలు చేయగలదో, లింక్ పార్ట్‌నర్, అంటే రౌటర్, ఏ వేగాలను ప్రకటిస్తోందో చాలా కార్డుల్లో అక్కడే కనిపిస్తుంది. రౌటర్ వరుసలో 1000 లేకపోతే దాని మోడల్ వివరాలు చూసి తేల్చుకోండి. వైఫై వేగంగా ఉన్నా లాన్ పోర్టులు (కేబుల్ గుచ్చేవి) 100కే పరిమితమైన రౌటర్లు ఉన్నాయి, వాటిని ఏ సెట్టింగూ మార్చలేదు.

రెండు వైపులా 1000 ఉంటే మాత్రం నేను ముందుగా పట్టుకునేది కేబుల్‌నే. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులకు వెళ్లే రెండు జతల తీగలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. ఒక్క తీగ తెగినా, క్రింపింగ్‌లో, అంటే చివరి ప్లగ్‌లో బిగించినప్పుడు, సరిగా కూర్చోకపోయినా గిగాబిట్ నిలవదు. అలాంటప్పుడు చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. వేగాన్ని 1000 అని ఖాయం చేసినప్పుడు మీ కార్డు ఆ ఒక్క వేగాన్నే ప్రకటించి ఉంటుంది, దిగడానికి మరో మెట్టు లేక లింకే పోయి ఉంటుంది. మీకు తెలియకుండానే మంచి పరీక్ష చేశారు.

రెండు వైపులా వేగాన్ని వాటంతట అవే కుదుర్చుకునే ఆటో నెగోషియేషన్‌ను మాత్రం ఆపేయకండి. రాగి తీగల మీద గిగాబిట్‌కు అది ప్రమాణం ప్రకారమే తప్పనిసరి. ఒక వైపే ఆపి 100 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం) పెడితే, రౌటర్ హాఫ్ డూప్లెక్స్‌గా (ఒకసారికి ఒక్కటే) భావించి, లింకు ఉన్నట్టే ఉండి డౌన్‌లోడ్లు నత్తనడక నడుస్తాయి.

ముందు ఆటో నెగోషియేషన్‌ను తిరిగి ఆన్ చేసి, కంపెనీలో క్రింప్ చేసిన క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్‌తో కంప్యూటర్‌ను నేరుగా రౌటర్‌కు కలిపి చూడండి. వేగం 1000 అని వస్తే, తప్పు పాత కేబుల్‌లోనో, గోడ సాకెట్‌లోనో ఉంది. నాలుగు జతల్లో రెండింటిని ల్యాండ్‌లైన్‌కో ఇంటర్‌కామ్‌కో వాడేసిన వైరింగ్ పాత అపార్ట్‌మెంట్లలో కనిపిస్తుంది కనుక, సాకెట్ విప్పించి ఎనిమిది తీగలూ బిగించి ఉన్నాయో లేదో చూపించండి. రాకపోతే రౌటర్‌లో మరో పోర్టు ప్రయత్నించండి. కార్డు వంతు ఆ తర్వాతే.