బెల్జియం బీరు: రంగు కాదు, తోడు చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. లూవెన్‌లో ఇల్లు కుదిరిందని, ఐదుగురు స్నేహితులను పిలిచి బెల్జియం బీర్లు రుచి చూపించాలని ఉందని రాశావు. దుకాణంలో అరల నిండా సీసాలు చూసి ఏది కొనాలో తోచక, నల్లగా ఉంటే ఘాటు, లేతగా ఉంటే తేలిక అన్న లెక్కతో కొంటున్నానని కూడా రాశావు. ముందు ఆ లెక్క మానెయ్యి. డ్యూవెల్ చూడు, లేత బంగారు రంగులో నురగలు కక్కుతూ మామూలు లాగర్ లాగే కనిపిస్తుంది, కానీ 8.5 శాతం ఆల్కహాల్. రోడెన్‌బాఖ్ ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది, ఉండేది 5.2 శాతమే. రంగు నమ్మి తాగినవాడు డ్యూవెల్ రెండో గ్లాసు దగ్గరే దెబ్బతింటాడు.

పెరుగు రుచి పాలలో ఎంత ఉందో తోడులో అంత ఉంటుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇక్కడా అంతే. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), నీళ్లు, హాప్స్ (చేదు కోసం వేసే పూలు) దాదాపు అందరివీ ఒకటే, ఏ ఈస్టు తోడు వేశారు, ఎంత వేడిలో పులియబెట్టారు అన్నదే రకాన్ని తేలుస్తుంది. స్టెల్లా, జూపిలెర్ లాంటి పిల్స్ బీర్లను చల్లగా పులియబెడతారు కాబట్టి ఈస్టు తన వాసన పెద్దగా వదలదు. ఆ దేశంలో రోజూ ఎక్కువగా తాగేది వాటినే. నీకు అలవాటైనవే కనుక ఆ సాయంత్రానికి వాటి అవసరం లేదు.

మొదలు విట్‌తో పెట్టు. తెల్ల బీరు అంటారు. దాని ఊరు హూగార్డెన్ మీ లూవెన్‌కు తూర్పున దగ్గర్లోనే ఉంది. అక్కడి చివరి విట్ బ్రూవరీ 1957లో మూతపడింది. పాలు పోసే పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో దాన్ని తిరిగి కాచడం మొదలుపెట్టకపోతే ఈ రకం ఇవాళ ఉండేది కాదేమో. మొలకెత్తించని పచ్చి గోధుమలు, ఎండబెట్టిన నారింజ తొక్క, మన ధనియాలు పడతాయి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే వేయించకుండా నలిపిన ధనియాల వాసన వస్తుంది, నారింజ వాసన ఆ తర్వాత. ఆల్కహాల్ 4.9 శాతం. 3 నుంచి 5 డిగ్రీల చల్లదనంలో ఇవ్వు. మూడింట రెండు వంతులు పోశాక సీసాను మెల్లగా గుండ్రంగా తిప్పి, అడుగున ఉన్న మడ్డితో సహా మిగతాది పొయ్యి. ఆ మబ్బు మబ్బుగా ఉండటమే దాని అందం. నిమ్మచెక్క వెయ్యకు, నురగ పోతుంది, ధనియాల వాసన అణిగిపోతుంది.

తర్వాత సేజోన్. ఇది దక్షిణాన ఎనో ప్రాంతపు పొలాల బీరు, చలికాలంలో కాచి, వేసవి పనులకు వచ్చే కూలీల కోసం దాచేవారు. టూర్ప్ గ్రామంలో తయారయ్యే సేజోన్ డ్యుపోన్ (6.5 శాతం) కొను. వేరే ఈస్టులు తట్టుకోలేని వేడిలో, 30 డిగ్రీలు దాటినా ఇది పనిచేస్తుంది, చక్కెరను దాదాపు మిగలనివ్వదు. అందుకే నోట్లో తీపి నిలవదు, వెనకాల మిరియాల ఘాటు తగులుతుంది. అందులో మిరియాలు వెయ్యలేదు. ఆ ఘాటు తోడుదే.

ఇక మఠాల బీర్లు. చాలామంది పొరబడేది ఇక్కడే. ట్రాపిస్ట్ అన్నది రుచి పేరు కాదు, తయారైన చోటుకు పేరు. మఠం ఆవరణలో, సన్యాసుల చేతగానీ వాళ్ల పర్యవేక్షణలోగానీ కాచాలి. వచ్చిన డబ్బు వాళ్ల జీవనానికి, దానధర్మాలకు పోవాలి. అలా ఉంటేనే సీసా మీద ఆరు పలకల ముద్ర వేస్తారు. బెల్జియంలో ఇప్పుడు ఆ ముద్ర ఉన్నవి ఓర్వాల్, షిమే, రోష్‌ఫోర్, వెస్ట్‌మల్లె, వెస్ట్‌వ్లెటెరెన్. అచెల్ మఠంలో సన్యాసులు లేకపోవడంతో 2021లో ఆ ముద్ర పోయింది. లెఫ్, గ్రింబెర్గెన్ లాంటివి మఠం పేరు పెట్టుకుని బయటి బ్రూవరీలు కాచేవి. వాటిని ఆబీ బీర్లు అంటారు. అవి చెడ్డవని కాదు, పేరు చూసి రెండూ ఒకటే అనుకోవద్దని చెబుతున్నాను.

రుచి పేర్లు డుబ్బెల్, ట్రిపెల్. రెండూ వెస్ట్‌మల్లెవే కొను, ఒకే ఇంటి తోడుతో రెండు రుచులు ఎలా వచ్చాయో పక్కపక్కనే తెలుస్తుంది. డుబ్బెల్ 7 శాతం. దాని నలుపు మాడ్చిన మాల్టుది కాదు, బాగా కాచి పాకం పట్టిన క్యాండీ చక్కెరది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, కొద్దిగా మాడిన బెల్లం వాసన. ట్రిపెల్ 9.5 శాతం, లేత బంగారు రంగు. దీంట్లోనూ చక్కెర వేస్తారు, కానీ తీపి కోసం అనుకోకు. ఈస్టు చక్కెరను పూర్తిగా తినేస్తుంది, మాల్టులో అయితే కొంత మిగులుతుంది. చక్కెర కలిపితే బలం పెరుగుతుంది, నోట్లో బీరు మాత్రం చిక్కగా కాక తేలికగా ఉంటుంది. అందుకే అంత బలమున్నా గొంతులో జారిపోతుంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది. లవంగం, అరటిపండు వాసనలు ఈస్టువి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే ఇవేమీ రావు. ట్రిపెల్ 8, 10 డిగ్రీల మధ్య, డుబ్బెల్ 12 దగ్గర ఉండాలి. పోసే ముందు తీసి కాసేపు బయట ఉంచు, డుబ్బెల్‌ను ఇంకా ముందుగా తియ్యి. రోష్‌ఫోర్ 10 (11.3 శాతం) లాంటి మహా బలమైనవి ఈ సాయంత్రం వద్దు. అవి ఒక్కటే తెరిచి, ఇద్దరు ముగ్గురు పంచుకుని, గంటసేపు కూర్చునే బీర్లు.

ఓర్వాల్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది ఏ గుంపులోనూ ఇమడదు. మామూలు ఈస్టుతో పులిశాక సీసాలో నింపేటప్పుడు బ్రెట్టనోమైసెస్ అనే అడవి ఈస్టు కలుపుతారు. అది నెలల తరబడి మెల్లగా పని చేస్తూ పోతుంది. సీసా మీద నింపిన తేదీ ఉంటుంది. మూడు నెలలదొకటి, ఏడాది దాటినదొకటి కొని పక్కపక్కన పెట్టి తాగు. కొత్తదాంట్లో హాప్స్ చేదు, పూల వాసన. పాతదాంట్లో చేదు తగ్గి, ఎండుగడ్డి, తోలు వాసన పైకి వస్తుంది. ఒకే బీరు వయసుతో ఎలా మారుతుందో ఇంతకన్నా సులువుగా ఎక్కడా చూడలేవు.

పుల్లటి బీర్లను మాత్రం వేరే రోజుకు ఉంచు. తియ్యటి డుబ్బెల్ తర్వాత గూజ్ అనే పుల్లబీరు తాగితే వెనిగర్ తాగినట్టుంటుంది, గూజ్ తర్వాత డుబ్బెల్ తాగితే పాకం తాగినట్టుంటుంది. రెండింటికీ అన్యాయం. నీ స్నేహితులు జీవితాంతం పుల్లబీరు వద్దంటారు.

కానీ వాటిని వదలకు. బ్రసెల్స్ చుట్టుపక్కల, సెన్నె నది లోయలో కాచే లాంబిక్‌కు అసలు తోడే వెయ్యరు. మన తాటికల్లు ఎలా పులుస్తుందో గుర్తు చేసుకో. ఎవరూ ఏమీ వెయ్యరు, గాలిలోదీ కుండలోదీ ఈస్టు తనంతట తానే అందుకుంటుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడుతుంది. లాంబిక్ కూడా అదే పని, కాకపోతే గంటల్లో కాదు, ఏళ్లలో. కాచిన మాల్టు రసాన్ని లోతు తక్కువ ఉన్న పెద్ద రాగి తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచుతారు. గాలిలోని ఈస్టు, బ్యాక్టీరియా అందులో పడతాయి. తెల్లారి చెక్క పీపాల్లోకి ఎక్కిస్తారు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకానే కాస్తారు, ఎండాకాలం గాలిలో చెడగొట్టే సూక్ష్మజీవులు మరీ ఎక్కువ. హాప్స్ కూడా పాతబడి చేదు పోయినవి వాడతారు. వాళ్లకు కావాల్సింది చేదు కాదు, చెడిపోకుండా కాపాడే గుణం.

ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాలో మళ్లీ పులియబెడితే గూజ్. పుల్లటి చెర్రీలు నానబెడితే క్రీక్. కొనేటప్పుడు చీటీ మీద 'ఔడె' (Oude, పాత అని అర్థం) అన్న మాట వెతుకు. ఆ మాటకు చట్టపు రక్షణ ఉంది: చక్కెర కలపని, పూర్తిగా అడవి ఈస్టుతోనే పులిసిన బీరు, కలిపినవాటిలో ఒకటి మూడేళ్లు పీపాలో ఉండి తీరాలి. ఆ మాట లేని క్రీక్‌లు చాలావరకు తీపి కలిపినవి. బోన్, త్రీ ఫోంటెయినెన్, కాంటియోన్ నమ్మదగ్గ పేర్లు. కాంటియోన్ బ్రసెల్స్‌లో అండర్‌లెఖ్త్ వైపు, మిడి స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. లోపల ఆ తొట్టి, పీపాలు కళ్లారా చూడొచ్చు. మొదటి గుక్కకు మొహం వికారంగా పెట్టకు, మూడో గుక్క దాకా ఆగు. అప్పుడు పులుపు వెనక ద్రాక్ష, తడి చెక్క వాసన విచ్చుకుంటుంది. చప్పగా వేయించిన చేపముక్క పక్కనుంటే ఇంకా బాగుంటుంది.

మొదట్లో చెప్పిన రోడెన్‌బాఖ్ కూడా పుల్లబీరే, పడమటి ఫ్లాండర్స్‌లోని రూసెలారెది. కొంత బీరును పెద్ద పెద్ద ఓక్ పీపాల్లో రెండేళ్లు ఉంచి, ఆ పాతదాన్ని కొత్తదాంతో కలుపుతారు. మామూలుదాంట్లో నాలుగో వంతు, గ్రాండ్ క్రూ అనే రకంలో మూడింట రెండు వంతులు ఆ పాతది. పుల్లబీర్లకు కొత్తవాళ్లకు మామూలుదే ఇవ్వు, తియ్యగా పుల్లగా ఉండి అలవాటు చేస్తుంది.

ఇప్పుడు లెక్క. మీరు ఆరుగురు. హూగార్డెన్ 33 సెంటీలీటర్ల సీసాలు రెండు, సేజోన్, ట్రిపెల్, డుబ్బెల్ 75 సెంటీలీటర్లవి ఒక్కొక్కటి. అదే వరసలో తెరువు. పెద్ద సీసాలో అడుగున వేలెడు మడ్డి వదిలేస్తే మనిషికి 12 సెంటీలీటర్లు వస్తుంది. తక్కువ అనిపిస్తుందా? నాలుగూ కలిపితే ఒక్కొక్కరికి సుమారు 26 గ్రాముల ఆల్కహాల్, అంటే 5 శాతం లాగర్ చిన్న సీసాలు రెండు తాగినంత. బెల్జియంలో బండి నడిపే హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాములు, ఇది ఆ హద్దు దాటించగలదు. పిలిచేటప్పుడే రైల్లోనో బస్సులోనో రమ్మను.

సీసాలు ముందురోజే ఇంటికి తెచ్చి నిలబెట్టు. ఇవన్నీ సీసాలో మళ్లీ పులిసినవి, అడుగున ఈస్టు ఉంటుంది. సంచిలో ఊపుకుంటూ తెచ్చిన రోజే తెరిస్తే సగం బల్ల మీదే పోతుంది. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకు, ముఖ్యంగా ఆకుపచ్చ సీసాలు. వెలుతురుకు హాప్స్ విరిగి, కాసేపట్లోనే స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటి చెడు వాసన పుడుతుంది, అది ఇక పోదు.

గ్లాసుల విషయంలో అందరూ ఆకారం గురించి మాట్లాడతారు, శుభ్రం గురించి ఎవరూ మాట్లాడరు. ప్రతి బ్రూవరీకీ ఒక గ్లాసు ఉంటుంది నిజమే, ఇంట్లో మాత్రం నోరు కాస్త ముడుచుకున్న వైన్ గ్లాసులు ఆరు చాలు. కూర గిన్నెలు తోమిన పీచుతో వాటిని తోమకు. కంటికి కనిపించని నూనె పొర నురగను చంపేస్తుంది. పోశాక గ్లాసు గోడలకు బుడగలు అంటుకుని కనిపిస్తే అది మురికి గ్లాసు. వేడినీళ్లు, కొంచెం సబ్బు, తర్వాత బాగా కడిగి, తుడవకుండా బోర్లించు. పోసే ముందు చన్నీళ్లలో ఒకసారి ముంచి తియ్యి, నురగ అదుపులో ఉంటుంది. గ్లాసును వంచి పట్టుకుని గోడ మీదుగా నిదానంగా పోస్తూ, చివర్లో నిలబెట్టి రెండు వేళ్ల మందం నురగ కట్టనివ్వు. పెద్ద సీసాను ఒక్క వంపులో ఆరు గ్లాసులకూ పొయ్యి. ప్రతిసారీ నిలబెట్టి మళ్లీ వంచితే మడ్డి లేచి, చివరి ఇద్దరికీ బురద వస్తుంది.

తిండి దగ్గర మన అలవాటు కాస్త పక్కన పెట్టాలి. మిరపకాయ బజ్జీ, ట్రిపెల్ కలపకు. ఆల్కహాల్, గ్యాసు, చేదు మూడూ కారాన్ని రెచ్చగొడతాయి, నోరు మండి ఆ తర్వాత ఏ రుచీ తెలియదు. కారం తప్పదంటే విట్‌తోనే పెట్టు. అక్కడి కేఫుల్లో లాగా చీజ్ ముక్కలు, ఆవముద్ద నాలుగింటికీ నడుస్తాయి. మసాలా తగ్గించి ఎర్రగా వేయించిన మటన్ డుబ్బెల్‌తో చక్కగా కుదురుతుంది, మాంసం వేగిన రుచి, పాకం రుచి ఒకదానికొకటి అందుకుంటాయి.

సంక్రాంతికి వస్తూ మీ నాన్నకు తెస్తానన్నావు. మన కస్టమ్స్ మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా ఒప్పుకుంటుంది, 33 సెంటీలీటర్ల సీసాలు ఆరు సరిగ్గా 1.98 లీటర్లు. ఒక్కోదాన్ని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, పైన బట్టలు చుట్టి, చెక్-ఇన్ పెట్టె నడిమధ్య పెట్టు. డుబ్బెల్, ట్రిపెల్ ప్రయాణం తట్టుకుంటాయి, విట్ తేకు, అది తాజాగా తాగాల్సింది. ఇంటికి చేరగానే సీసాలు ఫ్రిజ్‌లో నిలబెట్టి, రెండు రోజుల దాకా మూత తియ్యనివ్వకు.

ఇట్లు,
మీ మామయ్య